అలమూత్ తోట, కాప్టగాన్ మాత్ర, కసబ్ బిర్యానీ

కొండల నడుమ ఒక ముసలాయన ఉండేవాడట. లోయకి రెండు కొసలా గోడ కట్టించి లోపల ఎవరికీ తెలియని తోట వేయించాడట. కాలువల్లో పాలు, తేనె, ద్రాక్షసారా, మంచినీళ్లు. ఆటపాటలు తెలిసిన అందగత్తెలు. 12 నుంచి 20 ఏళ్ల కుర్రాళ్లని చేరదీసి, నలుగురినో ఆరుగురినో పదిమందినో ఒక విడతగా మత్తుమందు తాగించి, నిద్రలోనే ఆ తోటలోకి మోయించేవాడట. మెలకువ వచ్చాక వాళ్లకి అది స్వర్గమే. కొన్నాళ్లయ్యాక మళ్లీ మత్తు ఇచ్చి బయటికి తెచ్చి, "ఫలానావాణ్ణి చంపి రా, తిరిగి అక్కడికే పంపిస్తాను" అనేవాడట. మార్కో పోలో 1298లో జెనోవా జైల్లో తోటి ఖైదీ రుస్తిచెల్లోకి చెప్పి రాయించిన కథ ఇది. ఉగ్రవాద సంస్థల్లో చేరినవాళ్ల గురించి నేటికీ తిరుగుతున్న కథలన్నిటికీ దీన్ని మూలవిరాట్టు అనుకోవచ్చు.

పోలో పుట్టింది 1254లో. ఆ కోట, అంటే ఇరాన్‌లో కజ్వీన్‌కి ఈశాన్యంగా ఎల్బుర్జ్ కొండల్లో ఉన్న అలమూత్, మంగోలుల చేతికి చిక్కింది 1256 డిసెంబరులో. అప్పటికి పోలోకి రెండేళ్లు. ఆయన పర్షియా మీదుగా వెళ్లేసరికి కోట పడిపోయి పదిహేనేళ్లు దాటింది. చూసి రాసినది కాదు, దారిలో విన్నది.

అసలు సంగతి ఇంతకంటే ఆసక్తిగా ఉంటుంది. 1090లో హసన్ సబ్బాహ్ అనే ఇస్మాయిలీ (షియా ముస్లింలలో ఒక శాఖ) ప్రచారకుడు అలమూత్‌ని చేజిక్కించుకున్న తీరు చూడండి. ముట్టడి లేదు, సైన్యం లేదు. ముందు కొందరు ప్రచారకుల్ని పంపి కోటలోని కాపలావాళ్లలో, చుట్టుపక్కల ఊళ్లలో తన మనుషుల్ని తయారు చేసుకున్నాడు. ఆ తర్వాత దిహ్‌ఖుదా అనే మారుపేరుతో తనే లోపలికి చేరాడు. అప్పట్లో ఇరాన్‌ని ఏలుతున్న సెల్జూక్ తుర్కు వంశపు సుల్తాను తరఫున కోటని నడుపుతున్న మహదీకి విషయం తెలిసేనాటికి తన కోటలో తన మాట వినేవాడు లేడు. హసన్ అతన్ని చంపలేదు. 3,000 బంగారు దీనార్లకి ఒక చీటీ రాసి, దామ్‌ఘాన్ ప్రాంతపు అధికారి ముజఫ్ఫర్ దగ్గర సొమ్ము తీసుకోమని సాగనంపాడు. సెల్జూక్ కొలువులో ఉన్న పెద్దమనిషి ఎవడో ఊరూపేరూ లేనివాడి చీటీ చూసి డబ్బెందుకిస్తాడని మహదీ దాన్ని పక్కన పడేశాడు. తర్వాత చేతిలో చిల్లిగవ్వ లేని రోజు వచ్చి చూపిస్తే ముజఫ్ఫర్ చీటీని ముద్దుపెట్టుకుని సొమ్ము చెల్లించాడట. అతను కూడా లోలోపల ఇస్మాయిలీయే. ఈ కథ చెప్పింది ఇస్మాయిలీల బద్ధశత్రువైన చరిత్రకారుడు జువైనీ.

సంస్థ పనిచేసిన పద్ధతి ఆ చీటీలోనే ఉంది. ముందే నాటుకున్న మనిషి, బయటికి వేరే ఉద్యోగం, ఏళ్ల తరబడి ఓపిక, నమ్మకం మీద నడిచే డబ్బు. ఈ నాలుగింటిలో మత్తుమందుతో అయ్యే పని ఒక్కటీ లేదు.

హత్యల దగ్గరకి వద్దాం. 1092 అక్టోబరు 14న సెల్జూక్ వజీరు నిజాముల్ ముల్క్ నహావంద్ దగ్గర మజిలీలో దర్బారు ముగించుకుని పల్లకీలో గుడారానికి వెళుతుంటే సూఫీ వేషంలో ఒకడు దగ్గరికొచ్చి పొడిచాడు. (ఆ హత్యలో సుల్తాను అంతఃపురం చేయి కూడా ఉందని అనుమానించే చరిత్రకారులున్నారు.) 1192 ఏప్రిల్ 28న టైర్ నగరంలో క్రూసేడ్ నాయకుడు మోంట్‌ఫెరాట్ కాన్‌రాడ్‌ని చంపినవాళ్లిద్దరూ క్రైస్తవ సన్యాసుల వేషంలో ఉన్నారు. అతను జెరూసలేం రాజుగా ఎన్నికై రోజులే అయింది. ఈజిప్టు, సిరియాల పాలకుడు సలాదీన్ మీద రెండుసార్లు ప్రయత్నించారు. 1176లో అజాజ్ ముట్టడిలో రెండోసారి వచ్చినవాళ్లు అతని సైనికుల మధ్యే సైనికుల్లా తిరిగారు.

ఫిదాయీలనబడే ఆ మనుషులకి కావలసినవేమిటో ఇక్కడ లెక్క తీయవచ్చు. పరాయి ఊరి భాష రావాలి. వేషానికి తగ్గ మర్యాద, ప్రార్థన, తిండి అలవాట్లు రావాలి. గుర్రాలసాలలోనో వంటశాలలోనో మఠంలోనో నెలలు గడపాలి. గుంపులో సరైన మనిషిని గుర్తుపట్టాలి. విల్లుతోనో విషంతోనో కాదు, ఎప్పుడూ బాకుతోనే, అదీ నలుగురి ముందు, ఎక్కువగా శుక్రవారం మసీదులోనో దర్బారులోనో. తప్పించుకునే ఏర్పాటు ఉండదు. గంజాయి మత్తులో తూలేవాడికి ఇందులో మొదటి మెట్టు కూడా దాటడం కుదరదు. హసన్ ఏలిన 34 ఏళ్లలో జరిగినవిగా అలమూత్ జాబితా చెప్పే హత్యలు దాదాపు 50. ఏడాదికి ఒకటిన్నర. వాటి గురించి పుట్టిన భయానికి ఈ అంకెకి పొంతన లేదు, అసలు పద్ధతి ఉద్దేశమూ అదే. సెల్జూక్ సుల్తాను సంజర్ మంచం పక్కన నేలలో ఒక రాత్రి బాకు దిగి ఉందట. కొన్నాళ్లకి హసన్ నుంచి వచ్చిన కబురులో, "మంచి కోరకపోతే గట్టి నేలలో దిగిన బాకు మెత్తటి గుండెలో దిగేది" అని ఉందట. సేవకుడొకణ్ణి కొనుక్కుంటే అయ్యే పని. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

అయితే ఆ భయం అందరి మీదా పనిచేయలేదు. సిరియాలోని ఇదే సంస్థ శాఖ టెంపుల్ యోధులకి (క్రూసేడ్లలో పోరాడిన క్రైస్తవ సన్యాసి యోధుల సంఘం) ఏటా 2,000 బంగారు నాణేలు కప్పం కట్టింది. కారణం చాలా మామూలుది. టెంపుల్ యోధుల నాయకుణ్ణి చంపితే మర్నాడు ఇంకొకణ్ణి ఎన్నుకుంటారు, సంస్థ కదలదు. ఒక్క మనిషి మీద ఆధారపడిన రాజ్యాల మీదే బాకు పనిచేస్తుంది.

మరి తోట ఎక్కణ్ణుంచి వచ్చింది? పొరలు పొరలుగా వచ్చింది, ఒక్కో పొరకీ తేదీ ఉంది. 1123 ప్రాంతంలో కైరోలోని ఫాతిమీ ఖలీఫా, తనూ ఇస్మాయిలీయే అయిన అల్ ఆమిర్ పేరుతో వెలువడిన లేఖలో ఈ వర్గాన్ని "హషీషీలు" (గంజాయి మత్తు వాడేవాళ్లు) అని తిట్టారు. వారసత్వ తగాదాలో చీలిపోయిన సొంత జ్ఞాతుల మీద చేసిన నింద అది. మనం ఒకణ్ణి "గంజాయిగాడు" అంటే వాడి జేబులు వెతికి అన్నట్టు కాదుగా, అలాగే. ఆ లేఖలో గానీ తర్వాతి ముస్లిం శత్రువుల రాతల్లో గానీ వాళ్లు మందు వాడేవారన్న ఆరోపణ కనబడదు. మతద్రోహం, వంచన, హత్య అని సవాలక్ష నిందలు వేసినవాళ్లు ఇదొక్కటే దాచిపెట్టి ఉంటారా?

1175లో జర్మన్ చక్రవర్తి బార్బరోసా సలాదీన్ దగ్గరికి పంపిన దూత బుర్కార్డ్ సిరియా శాఖ ముసలాయన గురించి ఇంటికి తెచ్చిన కథలో మందు లేదు, తోటా లేదు. చిన్నప్పటినుంచి రాజభవనాల్లో పెంచి, భాషలు నేర్పి, గురువుకి లొంగి ఉంటే స్వర్గం అని నూరిపోసి, చివరికి బంగారు బాకు చేతికిస్తారన్నాడు. ఓ తరం గడిచాక లూబెక్ ఆర్నాల్డ్ రాతల్లో మత్తుపానీయం చేరింది, కలలో స్వర్గం కనిపించింది. ఆ తర్వాత నూరేళ్లకి పోలో దగ్గర కల కాస్తా రాళ్లూ కాలువలూ ఉన్న తోటయింది, సిరియా ముసలాయన ఇరాన్‌కి మారాడు. 1809లో ఫ్రెంచి పండితుడు సిల్వెస్తర్ ద సాసీ తిట్టుపేరుకీ హత్యలకీ ముడిపెట్టి దానికి విద్వత్తు ముద్ర వేశాడు. 1818లో హామర్ పుర్గ్‌స్టాల్ దాన్ని రహస్య సంఘాల చరిత్రగా రాశాడు. ఫ్రెంచి విప్లవం చూసి జడుసుకున్న యూరప్‌కి కుట్ర కథలంటే అప్పట్లో మహా ఇష్టం.

ఈ మధ్యలో కోట తుది రోజుల్ని కళ్లారా చూసినవాడి రాత ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కోటని పట్టిన మంగోలు నాయకుడు హులగూ ఖాన్ వెంట వెళ్లిన జువైనీ కోటంతా తిరిగాడు. గ్రంథాలయంలోకి వెళ్లి ఖురాన్ ప్రతులు, ఖగోళ పరికరాలు పక్కకి తీయించి, మతగ్రంథాలు తగలబెట్టించాడు. హసన్ జీవితచరిత్ర ప్రతి కూడా దొరికింది, చదివి వాడుకున్నాడు. కొండరాతిలో తొలిచిన నీళ్లతొట్లు, సరుకుల గిడ్డంగులు చూసి ఆశ్చర్యపోయాడు. వాటిని ఖాళీ చేస్తుంటే లోతు తెలియక ఒకడు తేనెతొట్టిలో దిగి మునిగినంత పనయిందని కూడా రాశాడు. తేనెతొట్టిని సైతం వదలని మనిషి, ఇస్మాయిలీలంటే ఒళ్లంతా కారం రాసుకున్న మనిషి, ఆడపిల్లల తోట గురించి ఒక్క ముక్క రాయలేదు. పైగా ఆయన చెప్పే హసన్ కొడుకు సారా తాగాడన్న ఆరోపణ మీద వాణ్ణి చంపించినవాడు, పిల్లనగ్రోవి ఊదినవాణ్ణి కోట నుంచి వెళ్లగొట్టి మళ్లీ రానివ్వనివాడు. 34 ఏళ్లలో తన ఇల్లు దాటిందే లేదంటారు. సారా కాలువలు ఎవరి కోసం?

ఉమర్ ఖయ్యామ్ రుబాయీలు తెలుగులో చదివినవాళ్లకి ఇంకో కథ కూడా తగిలి ఉంటుంది. ఖయ్యామ్, నిజాముల్ ముల్క్, హసన్ ముగ్గురూ ఒకే బడిలో చదువుకుని, ఎవరు పైకొచ్చినా మిగతా ఇద్దరినీ ఆదుకోవాలని ఒట్టు వేసుకున్నారని. ఫిట్జ్‌జెరాల్డ్ 1859 అనువాదపు ముందుమాట దీన్ని ప్రపంచమంతా పంచింది. నిజాముల్ ముల్క్ 1018లో పుట్టాడు, ఖయ్యామ్ 1048లో. ముప్ఫై ఏళ్ల తేడాతో ఏ బడిలో సహపాఠులవుతారు?

ఇక్కడ ఒక మాట. నిజారీ ఇస్మాయిలీలని, అంటే హసన్ వర్గాన్ని, నేటి అర్థంలో ఉగ్రవాదులనడం నాకు సమ్మతం కాదు. వాళ్లు చంపింది సుల్తానుల్ని, వజీర్లని, ఖాజీలని, సేనానుల్ని. బజారులో జనం మీద పడలేదు. రాజ్యం, కోటలు, పన్నులు, పొలాలు అన్నీ ఉన్న సమాజం అది. ఆ పరంపరే నేడు ఆగాఖాన్‌ని ఇమాముగా కొలిచే సమాజం. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణ చేసింది వారి ట్రస్టే, 2011 నుంచి అక్కడ నడుస్తున్న ఆగాఖాన్ అకాడమీ వారిదే. తొమ్మిది వందల ఏళ్ల నాటి ఒక తిట్టు వాళ్ల వెంట ఇంకా నడుస్తోంది. ఇంటర్నెట్‌లో ఉగ్రవాదం చరిత్ర అని రాసే ప్రతి రెండో వ్యాసం ఆ తోటతోనే మొదలవుతుంది.

ఆ తోటకి ఈ కాలపు రూపం కాప్టగాన్. 1960ల్లో జర్మనీలో మందుగా వచ్చిన ఫెనెథిలిన్ మాత్ర పేరది. 1986లో అంతర్జాతీయ నియంత్రణ కిందికి వచ్చాక అసలు సరుకు మాయమై, ఇప్పుడు అదే ముద్రతో దొరికేది చాలావరకు యాంఫెటమిన్‌కి కెఫీన్ వగైరా కలిపిన నాటు మాత్ర. 2015 నవంబరులో పారిస్ దాడులు కాగానే, హంతకులు దీన్ని మింగే అంత నిర్దయగా కాల్చారని పత్రికలు రాశాయి. హోటల్ గదిలో సిరంజిలు దొరికాయన్నది మొదటి ఆధారం. శవపరీక్షల్లో కాప్టగాన్ జాడ లేదు. ఫ్రాన్స్ మాదకద్రవ్యాల పరిశీలన కేంద్రం 2017లో ఈ కథని విప్పి చూపిస్తూ ఒక పత్రమే వెలువరించింది. అయినా కథ ఆగలేదు. 2020 జులై 1న ఇటలీలోని సలెర్నో రేవులో 14 టన్నులు, అంటే 8.4 కోట్ల మాత్రలు పట్టుబడ్డాయి. ఇస్లామిక్ స్టేట్ తయారీ అని ఇటలీ పోలీసులు ఆ రోజే ప్రకటించారు. అప్పటికి ఆ సంస్థ చేతిలో ఊళ్లు లేవు, ఫ్యాక్టరీలు లేవు, రేవులు అసలే లేవు. తీగ లాగితే కదిలింది సిరియాలో అసద్ ప్రభుత్వానికి దగ్గరగా ఉన్న ముఠాల డొంక. 2024 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలాక మాత్రల కర్మాగారాలు, మూటలు జనం కళ్లబడ్డాయి. వ్యాపారం ప్రభుత్వం అండతో నడిచింది, పేరు జిహాదీల మీద పడింది. వాళ్లలో ఎవరూ మాత్ర మింగలేదని కాదు. యుద్ధంలో ఉన్న ప్రతి పక్షంలోనూ మింగినవాళ్లున్నారు. చేరడానికీ చంపడానికీ అదే కారణం అనేదే కట్టుకథ.

ఇక కాగితాలు. ఉగ్రవాద సంస్థల గురించి నాకు తెలిసినంతలో ఎక్కువ నిజం చెప్పేవి వాళ్ల ఆఫీసు ఫైళ్లే. 2007 అక్టోబరులో ఇరాక్‌లోని సింజార్ దగ్గర అమెరికా సైన్యానికి దాదాపు 700 పత్రాలు దొరికాయి. 2006 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సిరియా సరిహద్దు దాటి అల్ ఖైదా ఇరాక్ శాఖలో చేరడానికి వచ్చిన విదేశీయుల నమోదు అది. వెస్ట్ పాయింట్‌లోని (అమెరికా సైనిక అకాడమీ) పరిశోధకులు వాటిలో 606 పత్రాల్ని లెక్కకి తీసుకున్నారు. సౌదీవాళ్లు సుమారు 41 శాతం, లిబియావాళ్లు 19 శాతానికి కాస్త తక్కువ. ఎవరు తీసుకొచ్చారు, సిరియాలో ఎవరు దాచారు, చేతిలో ఎంత డబ్బుంది, ఎంత అప్పగించాడు, పాస్‌పోర్టు ఎక్కడ, ఇంటి ఫోన్ నంబరు, ఏ పనికి వచ్చాడు అని గళ్లు. దారిలో సిరియా దళారులు తమ డబ్బు లాగేసుకున్నారని రాయించుకున్నవాళ్లూ ఉన్నారు.

ఊరి పేరు రాసినవాళ్లని విడదీసి చూస్తే అసలు బొమ్మ బయటపడుతుంది. లిబియాలోని డెర్నా నుంచి 52 మంది, సౌదీ రాజధాని రియాద్ నుంచి 51 మంది. రియాద్ అప్పటికే 40 లక్షలు దాటిన నగరం, డెర్నా లక్షలోపు పట్టణం. పేదరికమో మతబోధో కారణమైతే ఆ రెండూ పక్కనున్న ఊళ్లలో కూడా ఉన్నాయి. డెర్నాలో ఉన్నది వెళ్లిన స్నేహితుడు, వాడి అన్న, వాడి మసీదు, వాడికి తెలిసిన దళారి.

2016లో బయటికి పొక్కిన ఇస్లామిక్ స్టేట్ సరిహద్దు ఫారాలు ఇంకా వివరంగా ఉంటాయి. 2013, 2014లో చేరినవాళ్లవి ఎక్కువ. మొత్తం 23 గళ్లు. పేరు, మారుపేరు, తల్లి పేరు, రక్తం గ్రూపు, పెళ్లయిందా, చదువు, షరియా జ్ఞానం ఎంత, వచ్చే ముందు ఉద్యోగం, చూసిన దేశాలు, ఎవరి ద్వారా వచ్చాడు, సిఫారసు చేసిందెవరు, ఇంతకుముందు ఎక్కడైనా పోరాడాడా, మామూలు యోధుడా ఆత్మాహుతికా, ప్రత్యేక నైపుణ్యం, అప్పగించిన వస్తువులు, విధేయత స్థాయి. చివర్లో చనిపోయిన తేదీ, స్థలం కోసం ఖాళీ.

ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు వీటిలో 3,803 మందిని పరిశీలించారు. సగటు వయసు 27. హైస్కూలు చదివినవారు 43 శాతం, విశ్వవిద్యాలయం దాకా వెళ్లినవారు 25 శాతం, చదువు రానివారు 1.3 శాతం. షరియా జ్ఞానం "ప్రాథమికం" అని రాయించుకున్నవారు 70 శాతం దాకా ఉన్నారు. 2013లో సిరియా వెళ్లిన ఇద్దరు బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు బయల్దేరే ముందు ఇస్లాం గురించి ఏమీ తెలియనివాళ్ల కోసం రాసిన పరిచయ పుస్తకాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారని కోర్టులో తేలింది. ఆత్మాహుతి గడిలో టిక్కు పెట్టినవారు వెస్ట్ పాయింట్ లెక్కలో సుమారు 12 శాతం. సింజార్ పత్రాల్లో పని పేర్కొన్నవారిలో ఇది సగానికి పైనే. మనుషులు మారారా? సంస్థ అవసరం మారింది. 2007లో ఇరాక్ శాఖకి విదేశీయుల్ని దాచి పోషించే తావు లేదు, వచ్చినవాణ్ణి వచ్చినట్టే ఖర్చు పెట్టేది. అదే ఇస్లామిక్ స్టేట్‌గా మారాక, 2014లో దానికి ఊళ్లున్నాయి, ఆస్పత్రులున్నాయి, పన్నుల శాఖ ఉంది. వైద్యుడు కావాలి, మెకానిక్ కావాలి, కంప్యూటర్ తెలిసినవాడు కావాలి.

ఈ అంకెలు వాడేటప్పుడు మూడుచోట్ల జారిపడతారు. ఫారంలో రాసింది చెప్పుకున్నది మాత్రమే, తనిఖీ చేసినది కాదు. ఒకే మనిషి ఫారం రెండు మూడు ప్రతులు ఉండవచ్చు, ఏరకుండా లెక్కపెడితే సంఖ్య ఉబ్బుతుంది. ఇవి ఆ సరిహద్దులో ఆ నెలల్లో దాటిన విదేశీయులవి, స్థానికులైన ఇరాకీ, సిరియా యోధుల గురించి వీటి నుంచి ఏమీ తెలియదు. "ఉగ్రవాదులంతా చదువుకున్నవాళ్లే" అని వాట్సాప్‌లో తిరిగే వాక్యం ఈ మూడో గోతిలో పడినదే.

మనుషుల్ని కలిపే దారం మాత్రం అన్ని చోట్లా ఒకటే. మార్క్ సేజ్‌మన్ అనే మానసిక వైద్యుడు, ఒకప్పటి సీఐఏ అధికారి, 2004లో 172 మంది అల్ ఖైదా తరహా జిహాదీల జీవితాలు పోగుచేస్తే, వివరాలు దొరికినవారిలో 68 శాతం మంది స్నేహం ద్వారా, 20 శాతం మంది బంధుత్వం ద్వారా వచ్చారు. 2001 సెప్టెంబరు 11 దాడి చేసిన హాంబర్గ్ బృందాన్నే చూడండి. ఒకే ఫ్లాటు, ఒకే మసీదు. 1999లో వాళ్లు వెళ్లాలనుకున్నది చెచెన్యాకి. రైల్లో కలిసిన ఒకతని పరిచయంతో ఇంకొకణ్ణి కలిస్తే, చెచెన్యా దారి కష్టం, ముందు అఫ్ఘానిస్తాన్ వెళ్లండన్నాడు. ఇంగ్లీషు వచ్చి, పాశ్చాత్య దేశంలో మసలడం తెలిసిన వీళ్లని చూసి బిన్ లాడెన్‌కి కావలసింది దొరికింది. ఎవరూ వలేసి పట్టలేదు, వాళ్లే తలుపు తట్టారు. 2016లో కేరళ నుంచి అఫ్ఘానిస్తాన్ వెళ్లిన 21 మందిలో ఎక్కువమంది కాసర్‌గోడ్ జిల్లా త్రిక్కరిపూర్, పడన్న ప్రాంతంవారు. దంపతులు, అన్నదమ్ములు, తోటి ఉద్యోగులు.

ముంబయి దాడిలో ప్రాణాలతో చిక్కిన ఒక్కడు అజ్మల్ కసబ్. అతని వాంగ్మూలంలో ఎక్కడా స్వర్గపు తోట లేదు. ఊరొదిలి కూలిపనులు చేసుకుంటూ 2007 చివర్లో స్నేహితుడితో కలిసి రావల్పిండిలో లష్కరే తయ్యిబా ఆఫీసు కనుక్కుని వెళ్లాడు. వాళ్లు ఒక చీటీ మీద మురీద్కే చిరునామా, శిక్షణ పేరు రాసిచ్చి పంపారు. అక్కడ 21 రోజుల మతబోధ, తర్వాత ఇంకో చోట 21 రోజుల సాధారణ శిక్షణ, ఆ పైన నెలల తరబడి సాగే ప్రత్యేక శిక్షణ. ఒక్కో దశకీ వడపోత. దాడికి బయల్దేరినవారు 10 మంది. ఆత్మాహుతికి ఒప్పుకున్న మనిషి చివరి నిమిషంలో తడబడతాడన్నది సంస్థకి తెలుసు. అందుకే కరాచీ నుంచి ఫోన్‌లో గంటగంటకీ మాట్లాడుతూ ఉన్నారు. ఆ సంభాషణలు వింటే ఎదురు ప్రశ్న వేసే సందు కూడా ఇవ్వని అజమాయిషీ కనిపిస్తుంది. మత్తిచ్చి పంపిన మనిషికి అంత కాపలా అక్కర్లేదు.

అతని జేబులో దొరికిన కార్డు మన హైదరాబాద్‌ది. దిల్‌సుఖ్‌నగర్ చిరునామాతో ఒక కాలేజీ విద్యార్థిగా హిందూ పేరుతో తయారుచేసిన దొంగ కార్డు. దాడి తామే చేశామన్న ఈమెయిలూ "దక్కన్ ముజాహిదీన్" పేరుతో వచ్చింది. పదిమందీ చచ్చిపోతే ఆ కార్డులు నిజమై మిగిలేవి. సూఫీ వేషం, సన్యాసి వేషం తర్వాత ఇది.

తర్వాత కసబ్ చుట్టూ మనమే ఒక కథ అల్లాం. జైల్లో మటన్ బిర్యానీ కావాలన్నాడని. ఏళ్ల తరబడి ఎన్నికల సభల్లో, టీవీ చర్చల్లో, టీకొట్ల దగ్గర ఆ బిర్యానీ ఉడుకుతూనే ఉంది. 2015 మార్చిలో జైపూర్ సదస్సులో, కేసు వాదించిన ప్రాసిక్యూటర్ ఉజ్వల్ నికమ్ స్వయంగా చెప్పారు: కసబ్ అడగలేదు, ఎవరూ పెట్టలేదు, అది తను కల్పించిన మాట. రాఖీ పండగనాడు కసబ్ కళ్లు తుడుచుకున్నాడంటూ టీవీల్లో అతని మీద జాలి మొదలైతే, దాన్ని విరగ్గొట్టడానికి అలా అన్నారట. అరుదైన సందర్భం ఇది. కట్టుకథని పుట్టించినవాడే పుట్టిన రోజు, కారణం చెప్పాడు. అలమూత్ తోటకి ఆ వీలు లేదు. ఆయన చెప్పాక కూడా బిర్యానీ ఆగిందా అంటే ఆగలేదు.

సంస్థలు సొంతంగా అల్లుకునే కథలు వేరే రకం. 1987 జులై 5న జాఫ్నా నెల్లియడిలో సైనిక శిబిరం మీదికి లారీ తోలిన మనిషితో ఎల్‌టీటీఈ నల్లపులుల (ఆత్మాహుతి దళం) పరంపర మొదలైంది. ఆ తర్వాత ఏటా జులై 5న, వీరుల దినమైన నవంబరు 27న దీపాలు, ఫొటోలు, శిలాఫలకాలు. మెడలో సయనైడ్ గొట్టం దాని ముద్ర. తన ఇష్టంతో చచ్చే వీరుడన్న ఆ చిత్రం వెనక, చివరి ఏళ్లలో ఇంటికొకర్ని బలవంతంగా లాక్కెళ్లిన తీరు, పిల్లల్ని చేర్చుకున్న తీరు ఉన్నాయి. 1991 మే 21 సాయంత్రం విశాఖపట్నం నుంచి మద్రాసుకి ఎగిరిన రాజీవ్ గాంధీని ఆ రాత్రి శ్రీపెరుంబుదూర్‌లో చంపినవాళ్లు రెండు వారాల ముందు, మే 7న, మద్రాసులో వీపీ సింగ్ సభలో దండ వేయడం సాధన చేసి చూసుకున్నారు. రాజీవ్ దగ్గర బాంబు పేల్చుకున్న యువతి గురించి ప్రతీకార గాథలు ఎన్నో అల్లుకున్నాయి, ఒకదానికీ ఇంకొకదానికీ పొసగదు. ఆ మే 7 సభ గురించి అంతగా ఎవరూ మాట్లాడరు.

2017లో మోసుల్‌లో ఇస్లామిక్ స్టేట్ ఖాళీ చేసిపోయిన చోట ఇంకొక ఫైలు విలేకరులకి దొరికింది. తారిఖ్ బిన్ జియాద్ దళంలో "సమస్యలున్న" 14 మంది విదేశీ యోధుల జాబితా. ఒకడికి నడుము నొప్పి, ఇంకొకడికి కాలు నొప్పి, డాక్టరు కాగితం మాత్రం తేలేదు. ఒక ఫ్రెంచివాడు ఇరాక్‌లో పోరాడనని, వెళ్లి ఫ్రాన్స్‌లోనే ఆత్మాహుతి చేసుకుంటానని అన్నాడట. పక్కన అధికారి వ్యాఖ్య: జబ్బని చెబుతున్నాడు, వైద్య నివేదిక లేదు.